లేఆఫ్ తర్వాత అన్‌ఎంప్లాయ్‌మెంట్: ఎవరికి వస్తుంది, ఎంత వస్తుంది, వెనక్కి కట్టమంటే ఏం చేయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లేఆఫ్‌ల గురించే. అమెరికాలో నిరుద్యోగ బీమాకు మూలం 1935 నాటి కేంద్ర చట్టమే అయినా, దాన్ని నడిపేది రాష్ట్రాలు. డాలస్‌లో ఉన్న అన్నకు వర్తించే రూలు శాన్‌హోసేలో ఉన్న తమ్ముడికి వర్తించదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాలు బోల్తా కొట్టేది సరిగ్గా ఇక్కడే. ఉత్తరాలు టెక్సస్, కాలిఫోర్నియాల నుంచే ఎక్కువగా వచ్చాయి కాబట్టి జవాబులూ ఆ రెండు రాష్ట్రాల లెక్కనే ఇస్తున్నాం. టెక్సస్‌లో ఈ పని చూసేది వర్క్‌ఫోర్స్ కమిషన్, అంటే టీడబ్ల్యూసీ. కాలిఫోర్నియాలో ఈడీడీ.

ప్ర: హెచ్‌1బీ మీద ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. నా తరఫున కంపెనీ అన్‌ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కట్టింది కదా, లేఆఫ్ అయ్యాక నాకెందుకు రాదంటున్నారు? — ఇర్వింగ్, టెక్సస్

జ: ట్యాక్స్ కట్టడం ఒక పరీక్ష మాత్రమే. రెండోది వారం వారం పెట్టే పరీక్ష: ఈ వారం మీకు ఎవరైనా ఉద్యోగం ఇస్తే వెంటనే, చట్టబద్ధంగా చేరగలరా? హెచ్‌1బీలో పని అనుమతి ఆ కంపెనీకి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఉన్నా, అది దేశంలో ఉండటానికే తప్ప పనిచేయడానికి అనుమతి కాదు. కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే తప్ప చేరలేరు. అందువల్ల ‘పనికి అందుబాటులో లేరు’ అని సాధారణంగా తిరస్కరిస్తారు.

గ్రీన్ కార్డ్ ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు. ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) వచ్చినవారికి, హెచ్‌4 ఈఏడీ మీద పనిచేసినవారికి కూడా, కార్డు గడువు ఉన్నంత కాలం, దారి తెరిచే ఉంటుంది. ఎఫ్‌1 విద్యార్థి వీసా మీద ఓపీటీ (చదువుకు సంబంధించిన తాత్కాలిక ఉద్యోగం) చేస్తున్న పిల్లల సంగతి వేరు. మొదటి అయిదేళ్లూ వాళ్ల జీతం మీద చాలావరకు ఈ ట్యాక్సే పడదు, కాబట్టి రికార్డులో జీతమే కనిపించకపోవచ్చు.

దరఖాస్తులో ‘అమెరికాలో పనిచేయడానికి అనుమతి ఉందా’ అన్న ప్రశ్నకు ఆశకొద్దీ ‘ఉంది’ అని టిక్ పెట్టకండి. రాష్ట్రం ఆ జవాబును కేంద్ర ఇమిగ్రేషన్ రికార్డులతో పోల్చి చూస్తుంది. డబ్బు రాకపోవడం కన్నా, వచ్చాక తప్పుడు సమాచారం ఇచ్చారని తేలడం మీ గ్రీన్ కార్డ్ ఫైలుకు ఎక్కువ చేటు.

ప్ర: హెచ్‌4 ఈఏడీ వచ్చాక గత నవంబర్‌లో తొలి ఉద్యోగంలో చేరాను. ఫిబ్రవరిలో తీసేశారు. మూడు నెలల ఉద్యోగానికి ఏమైనా వస్తుందా? మా వారికి మంచి జీతం ఉంది, అది అడ్డమా? — ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జ: మీ వారి జీతం అసలు లెక్కలోకే రాదు. ఇది బీమా, పేదరికాన్ని చూసి ఇచ్చే సాయం కాదు. చూసేది ‘బేస్ పీరియడ్’లో మీ సంపాదన ఒక్కటే.

క్లెయిమ్ వేసే నాటికి పూర్తయిన చివరి 5 త్రైమాసికాలు తీసుకుని, అందులో మొదటి 4 చూస్తారు. మీరు 2026 ఫిబ్రవరిలో వేస్తే 2024 అక్టోబర్ నుంచి 2025 సెప్టెంబర్ దాకా అన్నమాట. ఆ కాలంలో మీకు జీతమే లేదు. అయితే కాలిఫోర్నియాలో ‘ఆల్టర్నేట్ బేస్ పీరియడ్’ ఉంది. మామూలు లెక్కలో అర్హత రాకపోతే, పూర్తయిన చివరి 4 త్రైమాసికాలు, అంటే 2025 జనవరి నుంచి డిసెంబర్ దాకా చూస్తారు. అప్పుడు మీ నవంబర్, డిసెంబర్ జీతాలు లెక్కకొస్తాయి. ఏదో ఒక త్రైమాసికంలో కనీసం 1,300 డాలర్లు సంపాదించి ఉంటే చాలు.

ఆ రెండు నెలల్లో 12,000 డాలర్లు వచ్చాయనుకుందాం. వారానికి 450 డాలర్లు వస్తుంది. కాలిఫోర్నియాలో గరిష్ఠం అదే, 2005 నుంచీ మారలేదు. కానీ మొత్తం చెల్లింపు బేస్ పీరియడ్ జీతంలో సగానికి మించదు. మీకది 6,000. అంటే గరిష్ఠమైన 26 వారాలు కాదు, 13 వారాలు దాటి కొంచెం.

అదే మీరు టెక్సస్‌లో ఉండి ఉంటే ఒక్క డాలరూ వచ్చేది కాదు. అక్కడ బేస్ పీరియడ్‌లో కనీసం రెండు త్రైమాసికాల్లో జీతం ఉండాలి, ఆల్టర్నేట్ లెక్క జబ్బు, గర్భం లాంటి కారణాలతో పని మానినవారికే.

మీ పే స్టబ్‌లో ‘ఎస్‌డీఐ’ పేరుతో కోసిన డబ్బు దీని కోసమని చాలామంది అనుకుంటారు. కాదు. అది అనారోగ్యం, ప్రసవం, కుటుంబ సెలవు కోసం. నిరుద్యోగ బీమాకు ఉద్యోగి జీతంలోంచి కూడా కోసేది న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కాలలోనే.

ప్ర: గ్రీన్ కార్డ్ ఉంది. 12 వారాల సెవరెన్స్ ఇచ్చి పంపేశారు. అది అయిపోయేదాకా ఆగి క్లెయిమ్ వేయాలా? నాకు ఎంత వస్తుంది? — ఫ్రిస్కో, టెక్సస్

జ: ముందు ఆ సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) కాగితం తీసి చదవండి. టెక్సస్‌లో సెవరెన్స్ గానీ, నోటీసుకు బదులు ఇచ్చిన జీతం గానీ ఎన్ని వారాలకు ఇచ్చారో అన్ని వారాలు భృతి రాదు. కానీ ‘కంపెనీ మీద కేసు వేయను’ అని సంతకం చేసినందుకు ప్రతిఫలంగా ఇచ్చిన సొమ్ము టెక్సస్ చట్టం దృష్టిలో సెవరెన్స్ కాదు. పెద్ద కంపెనీలు ఇచ్చేవాటిలో ఈ రకం చాలా ఉంటుంది. హెచ్‌ఆర్ మాటల్లో అన్నిటినీ సెవరెన్స్ అనే అంటారు గనుక, క్లెయిమ్‌లో దాన్ని దాచకుండా చెప్పి, ఒప్పందం కాపీ జతచేయండి. తేల్చేది టీడబ్ల్యూసీ. కాలిఫోర్నియాలో సెవరెన్స్‌ని సాధారణంగా భృతిలోంచి తగ్గించరు, నోటీసుకు బదులు ఇచ్చే జీతాన్ని మాత్రం తగ్గిస్తారు.

ఇక మొత్తం. టెక్సస్‌లో బేస్ పీరియడ్‌లో అన్నిటికన్నా ఎక్కువ జీతం వచ్చిన త్రైమాసికాన్ని 25తో భాగిస్తారు. ఆ త్రైమాసికంలో 12,000 వస్తే వారానికి 480. దానికి 37 రెట్లు, అంటే 17,760 డాలర్లు, బేస్ పీరియడ్ మొత్తంలో వచ్చి ఉండాలి. సాఫ్ట్‌వేర్ జీతాలున్నవారికి ఈ లెక్క గరిష్ఠాన్ని దాటిపోతుంది. ఆ గరిష్ఠం ఏటా అక్టోబర్‌లో మారుతుంది, ఈమధ్య 600 డాలర్ల అటూఇటూగా ఉంది.

ఆగడం గురించి: ఉద్యోగం పోయిన వారంలోనే వేయడం మేలు. క్లెయిమ్ ఆ వారం ఆదివారం నుంచి మొదలవుతుంది. వెనక తేదీ వేయమంటే గట్టి కారణం అడుగుతారు.

ప్ర: గత వేసవిలో 14 వారాలు అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకున్నాను. కొత్త ఉద్యోగం వచ్చాక ఆపేశాను. ఇప్పుడు ఈడీడీ నుంచి 900 డాలర్లు ఎక్కువ తీసుకున్నారని, దాని మీద 30 శాతం పెనాల్టీ అని ఉత్తరం వచ్చింది. నేను దాచిందేమీ లేదు. ఏం చేయాలి? — శాన్‌హోసే, కాలిఫోర్నియా

జ: మీ ఉత్తరంతో పంపిన వివరాలు చూస్తే, ఈ మెలిక చాలామందికి పడేదే. మీరు బుధవారం కొత్త ఉద్యోగంలో చేరారు. తొలి జీతం చేతికొచ్చింది రెండు వారాల తర్వాత. ఆ రెండు వారాలకూ సర్టిఫై చేస్తూ (భృతి కోసం పంపే ధ్రువీకరణ నింపుతూ) ‘పనిచేశారా, సంపాదించారా’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని పెట్టారు, డబ్బు ఇంకా రాలేదు కదా అని.

ఇక్కడే పొరపాటు. వాళ్లు అడిగేది డబ్బు ఎప్పుడు అందిందని కాదు, ఆ ఆదివారం నుంచి శనివారం లోపల ఎంత పని చేశారని. పైగా చెప్పాల్సింది కోతలకు ముందు ఉన్న గ్రాస్ జీతం. బుధ, గురు, శుక్రవారాల మూడు రోజుల జీతమూ ఆ వారానికే చెందుతుంది. కంపెనీలు కొత్తగా చేర్చుకున్నవారి పేర్లు 20 రోజుల్లోగా ప్రభుత్వానికి పంపాలి, మూడు నెలలకోసారి జీతాలూ పంపాలి. ఆ రికార్డులను క్లెయిమ్‌లతో పోలుస్తారు కాబట్టి నెలలు గడిచాక ఉత్తరం వస్తుంది.

మీ దగ్గర ఇప్పుడు రెండు వేర్వేరు విషయాలున్నాయి, వాటిని కలపకండి. ఒకటి, 900 డాలర్లు మీకు రావలసినవి కావు. అది నిజమే అనిపిస్తోంది, దాని మీద వాదించడం దండగ. రెండోది, మీరు కావాలని తప్పు చెప్పారన్న నిర్ణయం. మీకు నష్టం చేసేది ఇదే. దీనివల్ల 270 డాలర్ల పెనాల్టీ కలిసి మొత్తం 1,170 అవుతుంది. అంతకుమించి, 5 నుంచి 23 వారాల దాకా ‘తప్పుడు ప్రకటన’ శిక్ష వేయొచ్చు. మళ్లీ ఉద్యోగం పోయి క్లెయిమ్ వేస్తే ఆ వారాలకు డబ్బు ఇవ్వరు. ఫ్రాడ్ బాకీ అయితే కొత్త భృతి మొత్తాన్ని అందులో జమ కట్టుకుంటారు, ఫ్రాడ్ కానిదైతే వారానికి 25 శాతమే పట్టుకుంటారు.

అందుకే అప్పీలు చేయండి. నోటీసు పోస్టు చేసిన తేదీ నుంచి 30 రోజులు గడువు, మీకు అందిన తేదీ నుంచి కాదు. అప్పీలులో పెద్ద కథ అక్కర్లేదు: ‘వేతనం అందాక చెప్పాలనుకున్నాను, దురుద్దేశం లేదు, పెనాల్టీ మీదా ఫ్రాడ్ నిర్ణయం మీదా అప్పీలు చేస్తున్నాను’ అని రాసి, ఆఫర్ లెటర్, తొలి పే స్టబ్, ఆ రెండు వారాల తర్వాత క్లెయిమ్ ఆపేసినట్టు చూపే స్క్రీన్‌షాట్ జతచేయండి. ఆపేయడమే మీ పక్షాన ఉన్న బలమైన రుజువు. విచారణ సాధారణంగా ఫోన్లోనే, ఈడీడీకి సంబంధం లేని అప్పీల్స్ బోర్డు జడ్జి ముందు జరుగుతుంది. తెలుగు అనువాదకుడు కావాలంటే ముందే అడగండి, ఉచితంగా ఇస్తారు.

ఈలోగా అసలు 900 కట్టేస్తే మంచిదేనా అని అడిగారు. కట్టవచ్చు, తప్పు ఒప్పుకున్నట్టేమీ కాదు. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగండి. ఉత్తరాన్ని పక్కన పడేస్తే మాత్రం రాష్ట్ర ఇన్‌కమ్‌ట్యాక్స్ రీఫండ్, లాటరీ సొమ్ము పట్టుకుంటారు. ఫ్రాడ్ లేదా జీతం చెప్పకపోవడం వల్ల వచ్చిన బాకీకి కేంద్ర రీఫండ్ కూడా పోతుంది.

ఇంకో మాట. మీరు 10 శాతం కేంద్ర పన్ను కోయించుకుని ఉంటే చేతికి వచ్చింది వారానికి 405 మాత్రమే, కానీ అడిగేది 450. మిగతా 45 ఐఆర్‌ఎస్‌కు వెళ్లిపోయింది, దాన్ని ట్యాక్స్ రిటర్న్‌లో తేల్చుకోవాలి.

ఇక ముందు కొంతకాలం పార్ట్ టైమ్ చేయాల్సి వస్తే గుర్తుంచుకోండి: చేసిన పనిని దాచకుండా చెప్పినా భృతి మొత్తం పోదు. కాలిఫోర్నియాలో ఆ వారం సంపాదనలో 25 డాలర్లు గానీ, నాలుగో వంతు గానీ, ఏది ఎక్కువైతే అది వదిలేసి మిగతాది తగ్గిస్తారు. 200 సంపాదిస్తే 50 వదిలి 150 తగ్గించి, 450కి బదులు 300 ఇస్తారు. టెక్సస్‌లో మీ వారపు భృతిలో 25 శాతం దాకా వదులుతారు. 480 వచ్చేవారికి 120 దాకా కోత లేదు, 200 సంపాదిస్తే 80 తగ్గి 400 వస్తుంది.

ప్ర: నేను అన్నీ నిజాలే చెప్పాను. మొదట మంజూరు చేసి 9 వారాలు డబ్బు ఇచ్చారు. తర్వాత కంపెనీ అప్పీలు చేసి, నేనే మానేశానని వాదించి గెలిచింది. ఇప్పుడు మొత్తం కట్టమంటున్నారు. మాఫీ అడగవచ్చా? — ప్లేనో, టెక్సస్

జ: టెక్సస్‌లో మాఫీ లేదు. మీ తప్పు లేకపోయినా, ఇల్లు గడవడం కష్టంగా ఉన్నా, రాష్ట్ర భృతి బాకీని వదిలేసే అధికారం టీడబ్ల్యూసీకి లేదు. కాలం గడిస్తే కొట్టేసేది కూడా కాదు. కాలిఫోర్నియాలో మాత్రం మీ తప్పు లేకుండా, కట్టడం తీవ్రమైన కష్టమయ్యే పరిస్థితిలో వెయివర్, అంటే మాఫీ, అడగవచ్చు. దానికి నోటీసుతో వచ్చే ఆదాయ వివరాల ఫారం నింపి పంపాలి. ఫ్రాడ్ అని తేలితే అదీ రాదు.

కాబట్టి మీకు మిగిలింది ఒకటే దారి, ఆ తీర్పు మీద పై అప్పీలు. అప్పీల్ ట్రిబ్యునల్ తీర్పు మీద కమిషన్‌కు వెళ్లవచ్చు. గడువు తీర్పు పోస్టు చేసిన రోజు నుంచి 14 రోజులు. శని, ఆదివారాలూ లెక్కే. ‘రాజీనామా చేస్తే మంచి రికమెండేషన్ ఇస్తాం, లేకపోతే తీసేస్తాం’ అని చెప్పి మాన్పించి ఉంటే, దాన్ని సాధారణంగా తీసేసినట్టే చూస్తారు. ఆ మాట ఎవరు, ఎప్పుడు, ఏ ఈమెయిల్‌లో అన్నారో చూపించగలగాలి. విచారణకు ఫోన్ ఎత్తకపోవడం వల్ల ఓడిపోయేవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. తెలియని నంబర్ అని కట్ చేయకండి.

అప్పీలు నడుస్తుండగా ఇంకా ఉద్యోగం దొరక్కపోతే, రెండు వారాలకోసారి పేమెంట్ రిక్వెస్ట్ చేస్తూనే ఉండండి. గెలిచినా, రిక్వెస్ట్ చేయని వారాలకు డబ్బు రాదు. ఓడిపోతే వాయిదాల పద్ధతి అడగండి.

ప్ర: అమ్మకు బాగోలేక నెల రోజులు విజయవాడ వెళ్తున్నాను. అక్కడి నుంచే లాప్‌టాప్‌లో సర్టిఫై చేస్తూ, ఉద్యోగాలకు అప్లై చేసుకుంటే సరిపోతుందా? — ఇర్వైన్, కాలిఫోర్నియా

జ: సరిపోదు. ఇండియాలో ఉన్న వారాల్లో మీరు ఇక్కడి పనికి అందుబాటులో లేనట్టే. ఇంటర్వ్యూ జూమ్‌లో ఇచ్చినా ఇదే. ఆ వారాలకు సర్టిఫై చేయడం మానేయండి, లేదా ఊళ్లో లేనని నిజం చెప్పండి. తిరిగి వచ్చాక క్లెయిమ్ మళ్లీ తెరవవచ్చు. మిగిలిన సొమ్ము పోదు, క్లెయిమ్ ఏడాది లోపల వాడుకోవచ్చు. వీపీఎన్ పెట్టి ఇక్కడే ఉన్నట్టు చూపించమని మీ స్నేహితుడు చెప్పాడన్నారు. పాస్‌పోర్టు మీద ముద్రలు, విమాన టికెట్లు ఉంటాయి. పొరపాటున జరిగిన ఓవర్‌పేమెంట్‌ని ఫ్రాడ్‌గా మార్చే పని అది.

ప్ర: డబ్ల్యూ2 (జీతం మీద చేసే) ఉద్యోగం పోయింది. నా పేరు మీద ఎల్‌ఎల్‌సీ ఉంది, కార్ప్-టు-కార్ప్ (కంపెనీ నుంచి కంపెనీకి కాంట్రాక్ట్) మీద అప్పుడప్పుడు బిల్లింగ్ చేస్తాను. చెప్పాలా? — ఆస్టిన్, టెక్సస్

జ: చెప్పాలి. దరఖాస్తులోనూ, బిల్లింగ్ ఉన్న ప్రతి వారంలోనూ. క్లయింట్ డబ్బు 60 రోజుల తర్వాత ఇచ్చినా, పని చేసిన వారానికే లెక్క. సొంత ఎల్‌ఎల్‌సీ ద్వారా చేసిన పనికి బీమా పన్ను కట్టి ఉండకపోతే అది బేస్ పీరియడ్‌లోకి రాదు.

కన్సల్టెన్సీలో డబ్ల్యూ2 మీద ఉండి ప్రాజెక్ట్ అయిపోయినవారికి కూడా ఒక హెచ్చరిక. అది టెంపరరీ స్టాఫింగ్ సంస్థ కిందికి వస్తే, ప్రాజెక్ట్ అయిపోగానే ‘ఇంకో ప్రాజెక్ట్ ఉందా’ అని ఆ సంస్థను అడగాలి. అడగకపోతే టెక్సస్‌లో మీరే మానేసినట్టు లెక్కకట్టవచ్చు. అడిగినట్టు ఈమెయిల్ ఉండేలా చూసుకోండి, ఫోన్లో అడిగి ఊరుకోవద్దు.

ప్ర: గతేడాది తీసుకున్న భృతిలో 3,600 డాలర్లు ఈ ఏడాది తిరిగి కట్టాను. దాని మీద ఇప్పటికే పన్ను కట్టేశాను. వెనక్కి వస్తుందా? — శాక్రమెంటో, కాలిఫోర్నియా

జ: వస్తుంది, ఎందుకంటే 3,000 దాటింది. భృతి మీద కాలిఫోర్నియా పన్ను వేయదు, కేంద్రం వేస్తుంది. తీసుకున్న ఏడాదే తిరిగి కట్టి ఉంటే రిటర్న్‌లో ఆ మొత్తాన్ని తగ్గించి, పక్కన తిరిగి కట్టినట్టు రాస్తే సరిపోయేది. ఏడాది మారాక కడితే 3,000కు మించిన సందర్భంలోనే ఊరట. ఈ ఏడాది డిడక్షన్‌గా చూపవచ్చు, లేదా గతేడాది ఆ డబ్బు రాకపోయి ఉంటే పన్ను ఎంత తగ్గేదో లెక్కకట్టి అంత క్రెడిట్ తీసుకోవచ్చు. రెండూ వేసి చూసి, తక్కువ పన్ను వచ్చేది పెట్టుకోండి. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి సాధారణంగా క్రెడిటే లాభం. మీ ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇది ‘క్లెయిమ్ ఆఫ్ రైట్’ పేరుతో ఎక్కడో అడుగున ఉంటుంది. కట్టినట్టు రసీదు దాచండి.

ప్ర: నేనెప్పుడూ అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకోలేదు, ఉద్యోగంలోనే ఉన్నాను. అయినా 1099-జీ (భృతి తీసుకున్నట్టు చూపే పన్ను ఫారం) వచ్చింది, తర్వాత ఓవర్‌పేమెంట్ ఉత్తరమూ వచ్చింది. — రౌండ్ రాక్, టెక్సస్

జ: మీ సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో ఎవరో క్లెయిమ్ వేశారు. డబ్బు కట్టకండి, ఉత్తరాన్ని వదిలేయనూ వద్దు. రాష్ట్రం వెబ్‌సైట్‌లోని ఐడీ దొంగతనం పేజీలో ఫిర్యాదు చేసి, సరిచేసిన 1099-జీ అడగండి. ఓవర్‌పేమెంట్ నోటీసు మీద విడిగా 14 రోజుల్లో అప్పీలు కూడా పెట్టండి, ఫిర్యాదు చేశాం కదా అని గడువు ఆగదు. సరిచేసిన ఫారం సమయానికి రాకపోయినా, రాని ఆదాయాన్ని రిటర్న్‌లో చూపనక్కర్లేదు. మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ ఫ్రీజ్ పెట్టించండి, ఖర్చేమీ ఉండదు. మీ హెచ్‌ఆర్‌కూ చెప్పండి, ఆ క్లెయిమ్ నోటీసు వాళ్లకీ వచ్చి ఉంటుంది.